మా యింటి పగడములు

పగడమనగానే మన యిండ్లలో ముందుగా మనస్సునకు వచ్చునది మంగళసూత్రము. ముత్యమునకు ప్రక్క పగడము, పగడమునకు ప్రక్క నల్లపూస. తల్లి మెడనుండి కూతురి మెడకు, అత్తగారి పెట్టెనుండి కోడలి పెట్టెకు అది తరతరములుగా నడచివచ్చును. నవరత్నములలో దానికొక స్థానము కలదు. జ్యోతిష్కులు దానిని కుజునకు చెప్పుదురు. చెన్నపట్టణమున జార్జిటౌనులో పవళక్కార వీధి యని నేటికిని ఒక వీధి కలదు. 17, 18 శతాబ్దములలో యూదు వర్తకులు మధ్యధరా సముద్రపు ఎఱ్ఱపగడములను ఇటలీ దేశపు లివోర్నో రేవునుండి లండను మీదుగా ఈ పట్టణమునకు తెప్పించి, వానికి మారుగా గోలకొండ వజ్రములను కొనిపోవుచుండెడివారు. కృష్ణా తీరపు గనులలో మన పూర్వులు త్రవ్విన ఱాళ్ళు ఓడలెక్కి పోగా, ఆ ఓడలలోనే వచ్చిన పగడములు మన స్త్రీల మెడలనెక్కినవి. ఈ బేరములో ఎవరికెంత లాభమో చరిత్రకారులు తేల్చుదురుగాక.

పగడము ప్రాణియను సంగతి మాత్రము లోకమునకు చాల ఆలస్యముగా తెలిసినది. మార్సెయి పట్టణపు వైద్యుడగు పేసొనెల్ 1720వ దశకములో, పగడముపై కనబడు పూవులు పూవులు కావనియు, చిన్నచిన్న జంతువులనియు వ్రాయగా, పారిసు పండితులు ఆయన మాటను చాలకాలము నమ్మలేదు. ఆయన చెప్పినదే నిజము. ఒక నోరు, నోటిచుట్టు వేళ్ళవంటి స్పర్శకములు గల సన్నని జీవులు వేలకొలది ఒకే దేహముగా కూడి బ్రదుకుట పగడము లక్షణము. వెచ్చని లోతులేని సముద్రములలోని పగడములలో చాలవాని దేహమునందు కంటికానని నాచు కాపురముండును. ఎండ తగిలినపుడు ఆ నాచు ఆహారము వండును; పగడము దానికి ఇల్లును, ఎరువును ఇచ్చును. నీరు మితిమీరి వేడెక్కినచో ఈ కాపురము చెడి, నాచు వెడలిపోయి, పగడము తెల్లగా పాలిపోవును. మన పొరుగున నున్న మన్నారు సింధుశాఖలోని దిబ్బలు 1998లోను, 2010లోను, 2016లోను ఇట్లే పాలిపోయినవి. ఇట్టి సుకుమారమైన ప్రాణిని ఇంటిలో పెంచి, కోసి, పంచిపెట్టవలెనని మా కుటుంబమువారు పూనుకొనగా జరిగిన గందరగోళమే ఈ వ్యాసమునకు విషయము.

సముద్రమును గాజుగోడల వెనుక నిలిపి చూడవలెనను కోరిక చెన్నపట్టణమునకు క్రొత్తది కాదు. మెరీనా తీరమున సముద్రజీవుల ప్రదర్శనశాల 1909లోనే తెరువబడెను. మదరాసు మ్యూజియమునకు అధ్యక్షుడుగా నుండిన ఎడ్గర్ థర్‌స్టన్ దొర దానికి మూలపురుషుడు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అది మూతబడెను. మా తాతగారు బాల్యమున అక్కడి చేపలను చూచిన సంగతి తఱచు చెప్పుచుండెడివారు. అయితే చేపలను పెంచుట యొక యెత్తు, పగడములను పెంచుట యొక యెత్తు. 1961లో జకార్తా నివాసి లీ చిన్ ఎంగ్ అనునాయన తన పద్ధతిని ఒక అమెరికా పత్రికలో వెల్లడించినాడు. సముద్రపు నీరు, జీవముగల రాళ్ళు, వెలుతురు, గాలిబుడగలు: ఇంతే ఆయన సరంజామా. తరువాతి కాలమున యంత్రములు పెరిగినవి గాని మూలసూత్రము మారలేదు.

మా నాయనగారు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి 2010లో విశ్రాంతి పొందిరి. నలుబది యేండ్లు ఇనుమును కోసి అతికిన చేతులకు పని లేకపోవుట వారికి జ్వరమువలె ఉండెను. 2011లో మా యింటి ముందుగదిలో మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు గల గాజుతొట్టి వెలసెను. దానికి సుమారు 190 లీటర్ల నీరు పట్టును. నీటిని ఆర్.ఓ. యంత్రమున వడపోసి, లీటరుకు ఇంచుమించు 35 గ్రాముల చొప్పున సముద్రపు ఉప్పు కలిపి, వేడిని 26 డిగ్రీల యొద్ద నిలుపవలెను. చెన్నపట్టణపు కత్తిరి యెండలలో మనుష్యులకే దొరకని చల్లదనము ఆ తొట్టికి దొరకెడిది. "ఇంట్లో ఏ.సి. పగడానికి పెట్టినారు, నాకు విసనకర్ర ఇచ్చినారు" అని మా అవ్వ వచ్చినవారికందఱకు చెప్పుచుండెను.

ఇచట చట్టమును గూర్చి ఒక మాట చెప్పవలెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టములోని మొదటి జాబితాకు 2001లో దిబ్బలు కట్టు రాతిపగడములను, నల్లపగడములను, సముద్రపు విసనకఱ్ఱలను చేర్చిరి. పులికి ఏ రక్షణయో వానికిని అదే రక్షణ. వానిని పట్టుట, అమ్ముట, ఇంట నుంచుకొనుట నేరము. చచ్చిన రాతిపగడపు ముక్కకును ఇది వర్తించును. అందుచేత మా తొట్టిలో రాళ్ళకు బదులు సిమెంటుతోను కాలినమట్టితోను చేసిన గుట్టలుండెను. ప్రాణులా, ఆ జాబితాలో చేరని మెత్తనిపగడములు, వాని దాయాదులు. అవియును కడలినుండి తీసినవి గాక, పరిచితుల తొట్లలో పెరిగిన దేహములనుండి కోసి యిచ్చిన ముక్కలు.

మొట్టమొదట వచ్చినది తోలుగొడుగువంటి పగడము. దాని శాస్త్రీయనామము సార్కోఫైటన్. మా అవ్వ దానిని తేఱిపాఱజూచి, "మెత్తంగ తోలు మాదిరి ఉండే ఇది పగడమేందిరా? నా మెళ్ళో ఉండేదీ ఇదీ ఒకటేనా?" అని అడిగెను. నాయనగారు నవ్వి, "ఒకటి కాదమ్మా, దాయాదులు. నీ మెళ్ళోదానికీ దీనికీ పూవుకు ఎనిమిదేసి వేళ్ళు. దిబ్బలు కట్టే రాతిపగడాలకు ఆరారు లెక్కన ఉంటాయి. అవి వేరే గోత్రం" అనిరి. ఆ మాట శాస్త్రసమ్మతమే. మంగళసూత్రపు ఎఱ్ఱపగడమును, మా తోలుగొడుగును అష్టస్పర్శక వర్గములోనివి. కరుకుదనములో దగ్గఱగా కనబడు రాతిపగడమే దూరపు చుట్టము. అవ్వ తన మెడలోని పూసను వ్రేళ్ళతో త్రిప్పుచు చాలసేపు తొట్టియెదుట కూర్చుండెను.

వచ్చిన ప్రాణులన్నిటికి నాయనగారు తెలుగు పేర్లు పెట్టిరి. తోలుగొడుగు గొడుగు పగడమాయెను. బిళ్ళవలె గుండ్రముగా పఱచుకొని యుండు డిస్కోసోమా నాణెపు పగడమాయెను. గుంపులుగుంపులుగా విచ్చుకొను జొయాంథస్ బొత్తాము పగడమాయెను. అరచేతులు మూసి తెఱచుచున్నట్లు అదేపనిగా ఆడుచుండు క్సెనియాకు చప్పట్ల పగడమని పేరు. వీనిలో నాణెములును బొత్తాములును సరియైన పగడములు కావనియు, వాని జ్ఞాతులనియు శాస్త్రజ్ఞులందురు. జ్ఞాతులకు ఇంటిపేరు ఇచ్చుట మన ఆచారమే గదా యని నాయనగారి సమాధానము. పాత మంగుళూరు పెంకులను చిన్న బిళ్ళలుగా పగులగొట్టి, వానన నీటిలో వారములకొలది నానబెట్టి, ప్రతి బిళ్ళపైన మేకుతో ఒక అక్షరమును చెక్కెడివారు: గొ, నా, బొ, చ. ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్క బిళ్ళ పీట. మా మేనకోడలికి అప్పుడెనిమిదేండ్లు. ఆమె చదువుకొను బడిలో తెలుగు లేదు. ఆ బాలిక మొదట కూడబలుకుకొని చదివిన తెలుగు అక్షరములు ఈ పెంకుముక్కలమీదివే.

ఇక ప్రమాదముల సంగతి. గొడుగు పగడమును కోయుట చూచుటకు సులభము. పదునైన బ్లేడుతో గొడుగును ముక్కలుగా కోసినచో, మిగిలిన కాడనుండి క్రొత్త గొడుగు మొలచును. ముక్కలు వేరువేరు ప్రాణులుగా పెరుగును. కాని కోసిన వెంటనే అది కుంచించుకొని, జిగురు కార్చి, ఇల్లంతయు నిండు నీచువాసనను వదలెను. ఈ జాతి తన ఇరుగుపొరుగులపై విషప్రయోగము చేయును. కదలలేని ప్రాణికి చోటు సంపాదించుకొనుటకు అదియే ఆయుధము. తొట్టిలోని బొత్తాములన్నియు రెండు దినములు ముడుచుకొనిపోయెను. వడపోతబొగ్గు వేసి, నీరు మార్చినగాని అవి విచ్చుకొనలేదు. కోసిన ముక్కలు జిగురువలన ఏ బంకకును అంటలేదు. దారముతో బిళ్ళకు కట్టగా, మూడవనాటికి దారము మెత్తని కండను తఱుగుకొనిపోయి, ముక్కలు విడివడి నీటిలో తేలియాడెను. కడకు తోచిన ఉపాయము మన ఇండ్లలోని దోమతెర. చిన్న గిన్నెలో బిళ్ళలు పఱచి, వానిపై ముక్కలుంచి, దోమతెర గుడ్డ కప్పి, ప్రవాహము తక్కువగానున్న మూలలో పెట్టగా, మూడు వారములలో అవి తమంతట తామే బిళ్ళలనంటుకొనెను. కట్టినపుడు నిలువనివి, విడిచినపుడు నిలిచెను.

నాణెపు పగడముల కథ ఇంకను విచిత్రము. దానిని నోటి మీదుగా రెండు ముక్కలు చేసినచో, కొన్ని వారములలో రెండును రెండు నిండు నాణెములగును. అట్లు చేసిన రాత్రి ఒక ముక్క జారి, నీటి పంపు నోటబడి నుగ్గునుగ్గాయెను. ఉదయమున తొట్టినీరు మజ్జిగవలె ఉండెను. సంతాపము ప్రకటించి, పంపును కడిగి, ఆ నష్టమును ఖర్చుక్రింద వ్రాసికొంటిమి. ఆఱుమాసముల తరువాత తొట్టి వెనుకనున్న వడపోత గదిని శుభ్రము చేయబోగా, చీకటిగోడలనిండ గోరంత నాణెములు పదునాలుగు కనబడెను. పంపు చేసిన పంపకమది! "కోయడం నాకన్నా చక్రానికే బాగా చేతనవుతుంది" అని నాయనగారు బిళ్ళలకొఱకు లేచి పోయిరి.

నత్తలవలనను, సన్యాసిపీతలవలనను పడిన బాధ చెప్పతరము కాదు. నాచును తినుటకు తొట్టిలో వదలిన ఈ సేవకులు రాత్రివేళ బిళ్ళలనన్నిటిని బుల్డోజరువలె త్రోసికొనిపోయెడివి. తెల్లవారునప్పటికి బొత్తాములు బోర్లపడి, గొడుగు బొత్తాములపైబడి, వాని విషము వీనికి, వీని విషము వానికి తగిలి, తొట్టి కురుక్షేత్రమువలె ఉండెడిది. నాయనగారు దీపములకు వాడు ప్లాస్టిక్ జాలీని కోసి, గళ్ళలో పీటలు దిగునట్లు అమర్చిన తరువాత గాని శాంతి నెలకొనలేదు.

బొత్తాము పగడము విషయములో పరిహాసమునకు తావులేదు. దాని దగ్గఱి చుట్టములగు పాలిథోవాలనుండి 1971లో హవాయిలోని రసాయనశాస్త్రజ్ఞులు పాలిటాక్సిన్ అను విషమును వేఱుచేసిరి. ప్రకృతిలో ఇంతవఱకు తెలిసిన మహోగ్ర విషములలో అదియొకటి. బొత్తాములనంటిన రాతిని వేడినీటితో కడుగగా, ఆవిరితో విషము గాలిలోనికి వచ్చి, ఇంటిల్లిపాదిని ఆసుపత్రిపాలు చేసిన సందర్భములు వైద్యపత్రికలకెక్కినవి. ఒకనాడు కోతసమయమున బొత్తామొకటి చిమ్మిన నీరు నాయనగారి కళ్ళజోడుపై పడెను. ఆ జోడే కంటిని కాపాడెను. చేతికి రబ్బరు తొడుగులు, కంటికి మూతయద్దములు, పని ముగియువఱకు పిల్లలు గడప దాటరాదనునది అంతకుముందునుండియు మా యింటి శాసనము. ఆనాటినుండి దానిని ఎవరును ప్రశ్నింపలేదు.

చప్పట్ల పగడము మాకు ఐశ్వర్యముయొక్క స్వభావమును తెలిపెను. అది ఏల చప్పట్లు కొట్టునో 2013లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆ కదలికవలన దేహముచుట్టు పేరుకొనిన ప్రాణవాయువు చెదరిపోయి, లోపలి నాచు మఱింత చుఱుకుగా ఆహారము వండునట. ఆహారము సమృద్ధిగా దొరకుటచేత కాబోలు, మా తొట్టిలో అది గుట్టనెక్కి, గాజునెక్కి, పంపునెక్కి, నాణెములను కప్పివేసెను. కోసినకొలది పెరిగెను. అడిగినవారికి ఇచ్చితిమి, అడుగనివారికిని ఇచ్చితిమి. బంధువులు మా గుమ్మములో చేతిసంచి చూచినచో తలుపు తీయుటకు జంకిరి. ఇట్లుండగా 2013 మేనెలలో ఒక ఉదయమున చప్పట్లు ఆగిపోయెను. సాయంకాలమునకు ఆ వనమంతయు బూడిదరంగు చీముగా మాఱి కరగిపోయెను. ఎంత త్వరగా పెరుగునో అంత త్వరగా కూలుట ఆ జాతి లక్షణమని పెంపకములో అనుభవముగలవారందఱు ఎఱుగుదురు. మరుసటి వారము, తలుపు తీయుటకు జంకిన బంధువుల యింటికే ఖాళీసంచితో వెడలితిమి.

అప్పుడే నాయనగారు ఒక లెక్కపుస్తకము తెఱచిరి. ఏ ముక్కను, ఏ దినమున, ఎవరికిచ్చినది, అది బ్రదికినదా లేదా యనునది అందులో తెలుగున వ్రాసెడివారు. "బ్యాంకులో వేసుకున్నట్టు. మన దగ్గర పోయినా వాళ్ళ దగ్గర ఉంటుంది" అనెడివారు. అందులో 2014 జనవరిలో వ్రాసిన పద్దు ఒకటి కలదు: గొడుగు ఒకటి, బెంగుళూరు, చిన్నమ్మ కొడుకుకు. మా చిన్నమ్మగారి కుటుంబము మూడు తరములనుండి బెంగుళూరున స్థిరపడినది. పండుగకు వచ్చిన తమ్ముడు పోవునపుడు ఆ ముక్కను నీటిసంచిలో, థర్మకోలు పెట్టెలో పెట్టుకొని లాల్‌బాగ్ ఎక్స్‌ప్రెస్సులో తీసికొనిపోయెను.

2015 మార్చిలో నాయనగారు కాలము చేసిరి. తొట్టి పని మేమందఱము పంచుకొంటిమి. నీరు మార్చుట ఒకరు, ఉప్పు తూచుట ఒకరు, దీపముల వేళలు చూచుట ఒకరు. గొడుగు పగడము అప్పటికి అడుగున్నర వెడల్పున విచ్చుకొని, తొట్టికి పెద్దదిక్కుగా నుండెను. అది నాయనగారు తొలుత కోసిన కాడనుండి మొలచినది. మా అవ్వ ఉదయమున కాఫీలోటాతో దానియెదుట కూర్చుండెడిది. కొడుకును గూర్చి మాత్రము ఏమియు అనెడిది కాదు.

2016 డిసెంబరు 12వ తేదీన వర్ధా తుపాను చెన్నపట్టణముపైబడెను. ఆనాడు నగరమంతట చెట్లు వేలకొలది కూలినవి. మా వీధిమొగనున్న వేపచెట్టు తీగెలపై ఒరిగెను. కరెంటు ఐదు దినములు లేదు. ఇన్వర్టరు ఆ రాత్రికే చేతులెత్తెను. బ్యాటరీతో నడచు గాలిపంపు రెండు దినములు నిలిచెను. దుకాణములలో బ్యాటరీలును కొవ్వొత్తులును కఱవైనవి. పగలు రాత్రియు వంతులు వేసికొని, లోటాతో నీటిని ముంచి ఎత్తునుండి పోయుచుంటిమి. పోసిన ప్రతిసారి కొంత గాలి నీటిలో కలియును. పదుమూడేండ్ల మేనకోడలు అర్ధరాత్రి వంతును ఎవరికిని వదలలేదు. కాని ప్రవాహము లేని నీటిలో పెద్దదేహము నిలువజాలదు. మూడవనాడు గొడుగు అంచు నల్లబడెను. నాలుగవనాడు ఆ నీచువాసన మరల ఇల్లంతయు నిండెను. కుళ్ళుచున్న పెద్దది విడిచిన అమోనియాయు విషమును చిన్నవానిని చంపెను. ఐదవనాటి సాయంకాలము దీపములు వెలిగినపుడు వెనుకగదిలోని కొన్ని నాణెములు తప్ప ఏమియు మిగులలేదు. పంపు నోటబడిన ఆనాటి నుగ్గులో మిగిలినవే, చిత్రముగా, ఈ ప్రళయములోను మిగిలెను.

తొట్టిని అమ్మివేయుదమని కొందఱము అంటిమి. అప్పుడు మేనకోడలు లెక్కపుస్తకము తెచ్చి, ఒక పుటను వ్రేలితో చూపి, నెమ్మదిగా కూడబలుకుకొని చదివెను: "గొడుగు ఒకటి... బెంగుళూరు." తమ్మునికి ఫోను చేయగా, "అన్నా, మీ గొడుగు ఇక్కడ బాగుంది. ఒకటి మూడు చేసినా. సుమ్నే అడిగినా ఇచ్చేవాణ్ణి, ఇంక ఇట్లా అయినాక అడగాలా?" అనెను.

నీరు కుదుటపడుటకు నెల పట్టెను. 2017 జనవరి చివర తమ్ముడు స్వయముగా పెట్టె తెచ్చెను. పెట్టె తెఱువగా, ఇది మన గొడుగేనా యని సందేహము కలిగెను. మాది వెడల్పుగా, పసుపు చాయగా నుండెడిది. ఇది పొడవైన కాడపై చిన్న తలతో, గోధుమవన్నెతో నుండెను. వెలుతురు తక్కువైన చోట పగడము అట్లు పొడవు సాగి, రంగు చిక్కబఱచుకొనును. అది దాని బ్రదుకుతెఱువు. మేనకోడలు పీటను త్రిప్పి, అంచునంటిన నాచును గోటితో గీకెను. పెంకుపై మేకుతో చెక్కిన గొ కనబడెను. నాయనగారి చేతివ్రాతలోని ఒత్వపు వంపు అందఱము గుర్తుపట్టితిమి.

ఇచట పాఠకులు ఒక్క సంగతి గమనింపవలెను. కోసి నాటిన పగడపుముక్క పెద్దదానికి బిడ్డ కాదు. తల్లిదండ్రుల కలయికవలన పుట్టినది కాదు. అదే దేహము, అదే ప్రాణి, వేఱొక చోట. మా యింట చచ్చినదియు, బెంగుళూరినుండి వచ్చినదియు ఒక్కటే. ఈ సంగతి అవ్వకు చెప్పగా, తొంబది దాటిన ఆమె చాలసేపు ఊరకుండి, "అయితే వాడు కోసిందే ఇది" అనెను. అవునంటిమి. "ఇట్ల రా, దీపం వెయ్" అనెను.

మూడు వారములు అది కన్ను తెఱువలేదు. చోటు మాఱినపుడు ఈ జాతి ముడుచుకొని, ఒడలినిండ మైనమువంటి పొరను కప్పుకొని, దానిని పాము కుబుసమువలె విడుచును. తెలిసినను మనస్సు ఊరుకొనదు. నాలుగవ వారమున పొర ఊడి నీటిలో తేలిపోయెను. మరునాటికి ఎనిమిదేసి వ్రేళ్ళ పూవులు గొడుగునిండ విచ్చుకొనెను. ఏడాదిలో అది మా దీపములక్రింద కాడ కుదించి, తల వెడల్చి, పసుపు చాయ తిరిగెను.

ఈ మాటలు ఈ సంచికలో వ్రాయుటకు కారణము చదువరులు ఊహించియే యుందురు. మనము మూలదేహమునుండి విడివడి, వేఱువేఱు నీళ్ళలో నాటుకొనినవారము. ఊరకనే యనుటకు మా యింట సుమ్మా యందుము, తమ్ముని యింట సుమ్నే యందురు, ఒకరినొకరు వెక్కిరించుకొందుము. బరంపురమున, షోలాపురమున, యానామున స్థిరపడినవారు తెలుగులో ఏ మాట కలిపి యేమందురో వారి పిల్లలు చెప్పవలెను. కాడ పొడవైనను, రంగు మాఱినను అది అదే ప్రాణియని మాత్రము పీటక్రింది అక్షరము సాక్ష్యమిచ్చును. అక్షరము చెఱిగినచో ఎవరు గుర్తుపట్టుదురు? పగడమునకు నాశనము రెండు విధములుగా వచ్చుట చూచితిమి: ఒకే తొట్టిలో పెద్దదై ఒక్క తుపానుకు కూలుట యొకటి, ఇచ్చినది ఎక్కడికి పోయినదో వ్రాసికొనక మఱచుట యొకటి. మొదటిదానికి మందు పంచుట. రెండవదానికి మందు లెక్కపుస్తకము.

ఆ గొడుగు నేడు చెన్నపట్టణమున మూడిండ్లలోను, బెంగుళూరున రెండిండ్లలోను కలదు. లెక్కపుస్తకము మేనకోడలి వశములో నున్నది. కళాశాల చదువు ముగించిన ఆమె పద్దులు తెలుగుననే వ్రాయును. ఒత్తులు కొన్ని తప్పిపోవును, పేర్లు తప్పవు. ముక్కను పుచ్చుకొనువారికి మా నియమము లొక రెండు: ఏడాది తిరుగకముందే దానిని కోసి వేఱొక యింటికి ఇయ్యవలెను; ఇచ్చిన దినమును, ఇంటిని తెలుగున వ్రాసి పంపవలెను. మొన్న పౌర్ణమికి క్రొత్తగా నాలుగు బిళ్ళలు నానవేసినారము. మూడింటికి ఇండ్లు కుదిరినవి. నాలుగవదానిపై అక్షరము చెక్కబడియున్నది, ఇంటిపేరు వ్రాయవలసిన గడి ఖాళీగా నున్నది.